గంగాళంలో ఒకేలాంటి బిళ్ళలు రెండు

కార్తీక శుద్ధ పాడ్యమి

పొద్దున్నే సత్తిరాజుగారు వచ్చి నా గంగాళానికి వంక పెట్టారు. ఆయన గొలుసుల పెద్ద. మా ఇళ్ళను మోస్తూ నీటి మీద తేలే బల్లకట్లే పంట్లు; పంటును పంటుకు కట్టే గొలుసులు బిగించాలన్నా విప్పాలన్నా ఆయన మాటే. గంగాళం నా చేతిలో ఉంటుంది. ఈ నీటి మీది ఊళ్ళో మేమిద్దరం అత్తాకోడళ్ళలాంటి వాళ్ళం. ఒకరు లేకుండా ఒకరికి గడవదు, ఒకరి పని ఒకరికి నచ్చదు.

"ఇదేం బాగోలేదండి తాయారుగారూ. ఏడో పంటోళ్ళు తాడు కావాలని ఒక్క బిళ్ళ ఎయ్యాల్సింది పోయి గుప్పెడు ఏత్తన్నారండి. వోళ్ళ గుమ్మాల్లో తాడు చుట్టలు కొండలా పడున్నాయి. నా గొలుసులకి కట్టుకుందారంటే మూరెడు లేదండి, ఆయ్."

నిజమే, నాకూ తెలుసు. తెలిసీ ఏమీ చేయలేదని ఆయన అనుకోకూడదు కదా, అందుకని "చూస్తున్నానండి, చూస్తూనే ఉన్నాను" అన్నాను.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తాను. గంగాళం అని పేరే గానీ అది రాగిది కాదు. ప్రతి పంటు కడుపులో ఒక యంత్రం ఉంది. గొలుసులు కట్టినంతసేపు ఆ యంత్రాలన్నీ కలిసి ఒకటే గంగాళం. నా ముందున్న ఈ గుండ్రటి అద్దంలో దాని లోపలంతా కనిపిస్తుంది. ఎవరికి ఏం కావాలన్నా తమ ఇంటి గోడకున్న తూములో చెబుతారు, అది బిళ్ళయి ఇందులో పడుతుంది. ఎవరి దగ్గర ఏం మిగిలినా అదీ బిళ్ళే. 'మంచినీళ్ళు కావాలి' అన్న బిళ్ళ 'మంచినీళ్ళు ఉన్నాయి' అన్న బిళ్ళకు తగిలితే రెండూ కరిగిపోయి 'పడవ వెళ్ళాలి' అనే కొత్త బిళ్ళ పుడుతుంది. అది పోయి ఖాళీ పడవకు తగులుకుంటుంది. దీనికి వరుస లేదు, ముందు వెనుకలు లేవు. ఏ మూల ఏ రెండు కలిసినా ఆ మూల పని ఆ మూల జరిగిపోతుంది. గంగాళం కాపరిగా నేను చేయాల్సిందల్లా ఏది దేనికి తగిలితే ఏం పుట్టాలో సూత్రాలు రాయడమే. కావాలనే బిళ్ళ ఒక్కటీ మిగలకుండా అద్దం తేటపడినప్పుడు గంగాళం తేరింది అంటాం.

బిళ్ళ మీద మనిషి పేరుండదు. ఏం కావాలి, ఏ పంటుకు కావాలి, అంతే. పేరు పడితే ఇంటిపేరు తోకలా వెంట వస్తుంది, ఇంటిపేరు వచ్చాక మనవాళ్ళా కాదా అన్న చూపు రాకమానదు అని ఈ ఊరు కట్టినవాళ్ళు అనుకున్నారట. సరిగ్గానే అనుకున్నారు.

మధ్యాహ్నం సభ కూర్చుంది. సత్తిరాజుగారు అడిగిన సూత్రానికి అందరూ చేతులెత్తారు. ఒకే పంటు నుంచి పడిన ఒకేలాంటి బిళ్ళలు రెండు ఎదురుపడితే అందులో ఒకటి కరిగిపోవాలి. సభ లేవకముందే రాసి, గంగాళంలో కలిపేశాను. ఒక్క వాక్యం. చీపురుతో ఒక్క ఊపులో వాకిలి ఊడ్చినట్టయింది. నాకు చిందరవందరగా ఉంటే పడదు, చిన్నప్పటి నుంచీ అంతే.

గంగాళం తేరింది.

శుద్ధ చవితి

సత్తిరాజుగారు ఎండు రొయ్యల వేపుడు పంపారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏడో పంటు వాళ్ళకు ఇప్పుడు ఒక్కసారి అడిగితే ఒక్క చుట్టే వెళ్తోంది. అద్దం ఎంత తేటగా ఉందంటే నా మొహం కనిపిస్తోంది. కనిపించకపోయినా నష్టం లేదనుకోండి.

మూడో పంటు నుంచి బుల్లెమ్మ వచ్చి కూర్చుంది. ఆవిడ కోడళ్ళిద్దరూ నిండు నెలలతో ఉన్నారు.

"ఇద్దరికీ ఒకే పున్నమికని సెప్పిందండి డాక్టరమ్మ. ఇంట్లో చింతకాయ ముక్క మిగల్నివ్వట్లేదండి. పెద్దది ఎడం పక్కకి తిరిగి పడుకుంటే చిన్నది కుడి పక్కకి తిరుగుద్ది. ఒకళ్ళ మొకం ఒకళ్ళు సూసుకోరు. నా పేణం తీసేత్తన్నారండి బాబూ."

పెద్దామె సత్యవేణి, చిన్నామె రత్నమాల. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదలైన తగవు మూడేళ్ళుగా నడుస్తోంది. ఆసుపత్రి పంటులో పురుటి మంచాల కోసం ఇద్దరికీ బిళ్ళలు వేసేశానని, పున్నమికి ముందు పడవలు వస్తాయని బుల్లెమ్మ చెప్పింది. మంచి పని చేశారన్నాను. వెళ్తూ వెళ్తూ రొయ్యల వేపుడులో సగం పట్టుకుపోయింది.

గంగాళం తేరింది.

శుద్ధ సప్తమి

ఐదో పంటు నుంచి పుల్లంరాజుగారు, మస్తానుగారు చేతులు పట్టుకుని వచ్చారు. పొద్దస్తమానం పులిజూదం ఆడుకునే ముసలి జోడీ. ఇద్దరికీ ఒకేరకం చూపు మందగించింది. ఇద్దరూ కళ్ళజోడు అడిగారు. ఒక్కటే వచ్చింది.

"పులి ఆడినోడు పెట్టుకుంటన్నాడండి. ఆట మారాక మేకలోడికి ఇత్తన్నాం" అన్నారు పుల్లంరాజుగారు.

"అబద్ధం తల్లీ. ఈయన మేకలాడినా పెట్టుకునే ఉంటన్నాడు" అన్నారు మస్తానుగారు.

మీలో ఒకరు అడగడం మరిచిపోయి ఉంటారని చెప్పాను. అడగందే అమ్మైనా పెట్టదు, గంగాళం మాత్రం ఎలా పెడుతుంది అని నవ్వాను. మస్తానుగారు నవ్వలేదు. "నేనడిగానమ్మా" అన్నారు. వయసు అలాంటిదిలే అనుకున్నాను.

గంగాళం తేరింది.

శుద్ధ దశమి

తొమ్మిదో పంటులో నీళ్ళ పీపా కోసం రెండిళ్ళవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పీపా ఒక్కటే వచ్చింది. మేమడిగిందే అని వీళ్ళు, కాదు మేమడిగిందే అని వాళ్ళు. నన్ను పిలిచారు. నేను వెళ్ళి తీర్పు చెప్పాను. అద్దం తేటగా ఉంది, అంటే ఎవరి అవసరమూ మిగల్లేదు, కాబట్టి ఇద్దరిలో ఒకరు అడగలేదు. పీపా ఎవరి గుమ్మంలో దిగిందో వాళ్ళదే.

రెండో ఇంటావిడ నూకరత్నం. నా ఎదురుగా నిలబడి "నేను అబద్ధమాడతన్నానంటారా?" అంది. అద్దం అబద్ధం చెప్పదు అన్నాను. ఆవిడ ఏడ్చింది. చంకలో పిల్ల కూడా ఏడ్చింది. పలకల వంతెనల మీద నడుస్తూ ఇంటికొచ్చేదాకా ఆ ఏడుపు నా చెవుల్లోనే ఉంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అన్నం తినబుద్ధి కాలేదు.

గంగాళం తేరింది.

శుద్ధ ద్వాదశి

పెద్ద గాలి వస్తోంది. రేపు గొలుసులు విప్పుతారు.

గాలిలో పంట్లు కట్టే ఉంటే ఒకదాన్నొకటి గుద్దుకుని పగులుతాయి. అందుకని విప్పేస్తాం. ఏ పంటుకు ఆ పంటు లంగరు మీద ఊగుతుంది, లంగరు ఆగకపోతే కొట్టుకుపోతుంది. గాలి తగ్గాక మళ్ళీ వెతుక్కుని కట్టుకుంటాం. ఎవరు దగ్గరుంటే వాళ్ళతో కట్టుకుంటాం కాబట్టి మా పంట్ల అంకెలకు వరుసుండదు. ఇప్పుడు మూడు పక్కన ఐదుంది, ఐదు పక్కన తొమ్మిది, తొమ్మిది పక్కన ఆసుపత్రి. గొలుసులు విడిపోతే గంగాళం కూడా విడిపోతుంది. ఎవరి పంటులో ఉన్నది వాళ్ళకే. అందుకే గంగాళం తేరిందని నేను పసుపు గుడ్డ ఎత్తందే సత్తిరాజుగారు గొలుసు మీద చెయ్యి వెయ్యరు. ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి.

ఊరంతా ఇవాళ బిళ్ళలు వేస్తూనే ఉంది. బియ్యం, మందులు, బ్యాటరీలు, పసిపిల్లల పాలు. అద్దం నిండా ఎసట్లో బియ్యంలా కుతకుతలాడుతున్నాయి. తగులుతున్నాయి, కరుగుతున్నాయి, పుడుతున్నాయి. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వడం లేదు, అయినా అన్ని పడవలూ బయలుదేరుతున్నాయి. ఈ కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చున్నా ఈ ఉడుకు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకా తేరలేదు. రేపటికి తేరుతుంది.

శుద్ధ త్రయోదశి. ఆసుపత్రి పంటు నుంచి రాస్తున్నాను

పంటు ఊగుతోంది, అక్షరాలు కుదరకపోతే మన్నించాలి.

మధ్యాహ్నానికి అద్దం తేటపడింది. ఒక్క బిళ్ళ లేదు. ఎంత ముచ్చటేసిందో. పసుపు గుడ్డ తీసుకుని పైకెళ్ళాను. ఆకాశం సీసం రంగులో ఉంది, అలలు పంటు అంచుల్ని కొరుకుతున్నాయి. సత్తిరాజుగారి మనుషులు గొలుసు గూటాల దగ్గర సుత్తులు పట్టుకుని నిలబడ్డారు. గుడ్డను తాడుకు కట్టబోతున్నాను, అప్పుడు వినిపించింది కేక.

"తాయారుగారోయ్! ఆ గుడ్డ ఎత్తకండి!"

బుల్లెమ్మ. పలకల మీద పరిగెత్తుకొస్తోంది, జుట్టు ముడి ఊడిపోయింది.

"మా చిన్నదాని పడవేదండీ?"

"ఏ పడవ?"

"పొద్దున్న ఏసుదాసు పడవొచ్చిందండి. మూడో పంటు నుంచి పురుటికి ఒక మనిషి అన్నాడు. పెద్దదాన్ని ఎక్కించుకెల్లాడు. ఇంకో పడవ వత్తాది కదా అని చిన్నది అంచు మీదే కూకుందండి. ఎంతకీ రాదేంటండీ? నెప్పులు మొదలైపోయాయండి!"

"మూడో పంటు నుంచి పురుటి బిళ్ళ ఒక్కటే కదమ్మా వచ్చింది" అన్నాను.

"ఒక్కటేంటండీ! నా నోటితో రెండేశాను. ఒకత్తికి ఎక్కువ సెప్పావు, ఒకత్తికి తక్కువ సెప్పావు అని నన్ను దెప్పుతారని, అచ్చుగుద్దినట్టు ఇద్దరికీ ఒకే మాట సెప్పానండి!"

అచ్చుగుద్దినట్టు.

అప్పుడు తెలిసింది నాకు. మస్తానుగారు నిజంగానే అడిగారు. నూకరత్నం నిజంగానే అడిగింది. ఇద్దరు మనుషులకు ఒకే కష్టం వస్తే గంగాళానికి అది ఒక్కటే కష్టం అయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఏడో పంటువాడి అత్యాశను ఊడ్చబోయి ఈ పిల్ల మంచాన్ని ఊడ్చేశాను.

కిందికి పరిగెత్తి ఆ సూత్రాన్ని పీకేశాను. పీకడం క్షణం పని. కానీ కరిగిపోయిన బిళ్ళలు తిరిగి రావు. ఎన్ని కరిగాయో, ఎవరివి కరిగాయో గంగాళానికి గుర్తుండదు. పెరుగు తోడుకున్నాక గిన్నెలో పాలు వెతికితే ఏం దొరుకుతాయి? బుల్లెమ్మ చేత నా తూములోనే మళ్ళీ బిళ్ళ వేయించాను. అది ఆసుపత్రిలో ఖాళీ మంచానికి తగిలింది, 'పడవ వెళ్ళాలి' అయింది, అక్కడ ఆగిపోయింది. ఆ అలల మీద పడవలు లేవు. అన్నీ ఎత్తి కట్టేశారు. ఎర్రటి బిళ్ళ ఒక్కటే అద్దం మధ్యలో ఒంటరిగా తిరుగుతోంది.

పైనుంచి సత్తిరాజుగారి అరుపు. "గుడ్డెత్తండి తాయారుగారూ! ఇంకాసేపుంటే పంట్లు పగిలిపోతాయండి!"

"ఎత్తను. మూడో పంటులో రత్నమాల ఉండిపోయింది."

"ఒక్క మనిషి కోసం ఊరంతా..." అన్నారాయన. బుల్లెమ్మ ఆయన మొహంలోకి చూస్తోంది.

"ఒక్కరో ఎందరో నాకు తెలియదు సత్తిరాజుగారూ. మనం కలిపిన సూత్రం ఒకేలాంటి వాళ్ళందరినీ కరిగించేసింది. పేర్లు లేవు, ఎవరిని వెతకను?"

ఆ సూత్రం అడిగింది తానేనని ఆయనకు గుర్తొచ్చినట్టుంది. తలపాగా తీసి మొహం తుడుచుకున్నారు. నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. అడిగింది ఆయనైతే రాసి మురిసిపోయింది నేను.

"పడవెల్లకపోతే పోనీండి" అన్నారు చివరికి. "గొలుసులుండగా పంటు మీంచి పంటు మీదకి నడిచెల్లొచ్చు కదా. మూడు నుంచి ఆసుపత్రి దాకా ఒక్క గొలుసు తెగకుండా నేను సూత్తాను. మీరు జనాన్ని లేపండి."

గొలుసులు విప్పేటప్పుడు మాత్రమే ఊదే శంఖం ఊదించారు. జనం తలుపులు తీసి బయటికొచ్చారు. ప్రతి పంటు మీదా ఉన్న మైకులో నేను అరిచాను.

"తూముల్లో చెప్పకండి! నోటితో చెప్పండి! అడిగినా రానివాళ్ళు బయటికొచ్చి అరవండి! ఉన్నవాళ్ళు వినండి! మూడో పంటు నుంచి పురిటి మనిషి వస్తోంది, మోయడానికి రండి!"

గంగాళం దగ్గర కాపరి ఎప్పుడూ ఉండాలన్నది నేనే రాసి గోడకు అంటించిన నియమం. పసుపు గుడ్డను నడుముకు చుట్టుకుని బుల్లెమ్మ వెంట పరిగెత్తాను.

రత్నమాలను నులక మంచం మీద పడుకోబెట్టి, జారిపోకుండా వలతో కట్టారు. మూడో పంటు మగవాళ్ళు ఐదో పంటు అంచుదాకా మోశారు. అక్కడ వేరే చేతులు అందుకున్నాయి. మస్తానుగారు కూడా ఒక కోడు పట్టుకున్నారు, వద్దంటే వినలేదు. పుల్లంరాజుగారు కళ్ళజోడు పెట్టుకుని ఆయన ముందు నడుస్తూ, "కుడి కాలు పైకెత్తు, పలక ఉంది, ఇప్పుడు ఎడం, నేను సూత్తన్నాలే, నువ్వు నడువు" అని చెబుతూ ఉన్నారు.

నేను రత్నమాల పక్కనే పరిగెత్తుతున్నాను. నొప్పికి నా చెయ్యి నలిపేస్తోంది.

"ముందు నువ్వెల్లక్కా అన్నానండి. నా పడవ నాకు వత్తాదని. మరి నా గురించీ అడిగారు కదండీ? మా అత్తమ్మ అడిగింది కదా? నాకోసం అడగలేదనుకున్నారా?"

"అడిగారమ్మా, అడిగారు. తప్పు నాది."

ఏడుపు ఆగలేదు. వాన కూడా మొదలైంది కాబట్టి ఎవరికీ తెలియలేదనుకుంటాను.

చుట్టూ ఎక్కడ చూసినా కేకలే. మా ఇంటికి చక్కెర మందు రాలేదని ఒకరు, మా దగ్గర రెండున్నాయని ఇంకొకరు. సంచులు ఒక పంటు మీంచి ఇంకో పంటు మీదకి ఎగురుతున్నాయి. బ్యాటరీలు, పాల డబ్బాలు, చేయి చేయి మారుతున్నాయి. ఎవరు ఎవరికి ఎదురుపడితే వాళ్ళిద్దరి పనీ అక్కడికక్కడే అయిపోతోంది. అద్దంలో నేను రోజూ చూసే ఉడుకే ఇది. ఈసారి బిళ్ళలకు మొహాలున్నాయి.

తొమ్మిదో పంటులో నీళ్ళ పీపాను ఒక ఇంటి గుమ్మం నుంచి పక్కింటి గుమ్మానికి దొర్లిస్తున్నారు. నూకరత్నం కొంగు బిగించి మంచం కోడు అందుకుంది. "నన్ను క్షమించమ్మా" అన్నాను.

నా వైపు చూడకుండానే అంది. "ముందు ఆ కోడు పట్టుకోండి, జారతంది."

పట్టుకున్నాను. వెనకాల గొలుసులు మూలుగుతున్నాయి. పంటుకూ పంటుకూ మధ్య నీళ్ళు లేచి పడుతున్నాయి. సత్తిరాజుగారి మనుషులు కర్రలు అడ్డం పెట్టి, పంట్లు గుద్దుకోకుండా ఒళ్ళు విరిగేలా ఆపుతున్నారు. ఒక గొలుసు తెగిన చప్పుడైంది. మా వెనకదే. మేం దాటేశాం.

ఆసుపత్రి పంటు అంచు మీద సత్యవేణి నిలబడి ఉంది. లోపలికి రమ్మని నర్సులు లాగుతుంటే రానంటోంది.

"ఏమే రత్నం! ఇంతసేపా రావడం! నా పక్క మంచం ఎవురికీ ఇవ్వకుండా చెంగు పరిచి కూకున్నానే! కూకునీ కూకునీ నా నడుం పడిపోయింది!"

"నిన్నెవురు కూకోమన్నారే" అంది రత్నమాల, అంత నొప్పిలోనూ.

ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడ్చారు. తర్వాత లోపలికి తీసుకెళ్ళారు.

నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి, ఆసుపత్రి పంటు మీది నుంచే ఎత్తాను. సుత్తుల చప్పుడు వరసగా వినిపించింది. పంట్లు ఒకటొకటిగా విడిపోయాయి. నా అద్దం ఉన్న పంటు నా కళ్ళ ముందే నేను లేకుండా వెళ్ళిపోయింది.

గంగాళం తేరిందో లేదో నాకు తెలియదు.

శుద్ధ చతుర్దశి. ఆసుపత్రి పంటు

గాలి ఇంకా ఉంది. లంగరు ఆగింది.

తెల్లవారుతూనే రత్నమాలకు ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుంది. డాక్టరమ్మ దాన్ని విప్పేదాకా పిల్ల ఏడవలేదు, నీలంగా ఉంది. తర్వాత ఏడ్చింది. బుల్లెమ్మ కింద కూలబడి నేలకు దణ్ణం పెట్టింది.

"ఇంటి దగ్గరే అయ్యుంటే..." అని డాక్టరమ్మ ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఆగకపోయినా బాగుండేది. నాకు అది పూర్తిగా వినాలని ఉంది.

మధ్యాహ్నం సత్యవేణికి మగపిల్లాడు పుట్టాడు. సుఖప్రసవం. "సూశావా, నీకన్నా తొందరగా అయిపోయింది నాకు" అని పక్క మంచం వైపు తిరిగి చెప్పింది. అంటే తగవు మళ్ళీ మొదలైందన్నమాట. ఇద్దరూ క్షేమంగా ఉన్నారని అప్పుడు నమ్మకం కలిగింది నాకు.

బహుళ చవితి

పంట్లన్నీ దొరికాయి. ఏడో పంటు చాలా దూరం పోయింది, వాళ్ళు పోగేసుకున్న తాళ్ళన్నీ కలిపి లంగరుకు కట్టుకున్నారట, లేకపోతే సముద్రం మధ్యలో ఉండేవాళ్ళట. ఈ మాట చెప్పేటప్పుడు సత్తిరాజుగారికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

సభ కూర్చుంది. బిళ్ళ మీద పేరు వేస్తే ఈ గోలే ఉండదు కదా అని ఎవరో అన్నారు. కొందరు తలలూపారు. నేను లేవబోయేలోగా బుల్లెమ్మ లేచింది.

"పేర్లొద్దండి. పేరుంటే ఆ రోజు మంచం మోసేటప్పుడు ఎవురి కోడలని అడిగేవోళ్ళు. ఎవురూ అడగలేదు. అలాగే ఉండనివ్వండి."

"మరి దొంగ బిళ్ళల మాటేంటి?" అని అడిగారు.

సత్తిరాజుగారే జవాబిచ్చారు. "పడనివ్వండి. తాడు పోతే పేనుకుంటాం. గుప్పెడు అడిగినోడింటికి నేనెల్లి మొకం మీద అడుగుతాను, అది నా పని. గంగాళం పని కాదు."

నేను ఒక్క మాటే చెప్పాను. అడిగింది రెండుసార్లు వినిపిస్తే, ఒకరే రెండుసార్లు అడిగారని కాకుండా ఇద్దరు అడిగారని ముందు నమ్మాలి. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. చిందరవందర చూసి నాలాగే మీకూ చీపురు పట్టాలనిపిస్తుంది. అప్పుడు ఒకసారి మూడో పంటుదాకా నడిచి వెళ్ళండి.

మస్తానుగారికి కళ్ళజోడు వెళ్ళింది. ఇప్పుడు ఇద్దరికీ కనిపిస్తోంది కాబట్టి ఒకరి దొంగాటలు ఇంకొకరికి తెలిసిపోయి, పులిజూదం మానేశారట.

గంగాళం తేరింది.

బహుళ దశమి

మూడు రోజులుగా అద్దంలో ఒక్క బిళ్ళ తేలుతోంది. 'ఉయ్యాల కావాలి, మూడో పంటు.' నిజానికి అవి రెండు పడ్డాయి, అచ్చుగుద్దినట్టు. నాలుగో పంటులో ఎవరి ఇంట్లోనో ఉయ్యాల మిగిలితే ఒకటి దానికి తగిలి కరిగింది. ఇంకోటి మిగిలింది. ఊళ్ళో ఇంకో ఉయ్యాల లేదు. దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి నాకు తెలియకుండానే అద్దం వైపు వెళ్తోంది. వెనక్కి తీసుకుంటున్నాను.

సాయంత్రం బుల్లెమ్మ వచ్చింది.

"తాయారుగారూ, ఆ రెండోది తీసేయండి. పిల్లలిద్దర్నీ ఒకే ఉయ్యాల్లో ఏత్తన్నాం, సరిపోతన్నారు. అద్దం మీద మా ఇంటి బిళ్ళ ఒక్కటీ అలా తేలతా ఉంటే నలుగురూ ఏమనుకుంటారండి?"

"వేసినవాళ్ళు తియ్యమంటేనే తీస్తాను."

"ఏసింది నేనే కదండీ!"

"ఎవరి కోసం వేశారో వాళ్ళు చెప్పాలి."

ఆవిడ విసుక్కుంటూ నా గోడ తూములో మూడో పంటును పిలిచింది; గొలుసులున్నంతసేపు బిళ్ళలకే కాదు, మాటలకూ అదే దారి. అవతల ఇద్దరు పసిపిల్లల ఏడుపు, ఉయ్యాల గొలుసుల కిర్రుమనే చప్పుడు వినిపించాయి. "ఒసేయ్ రత్నం, రెండో ఉయ్యాల అక్కర్లేదని తాయారుగారితో ఒక్క మాట సెప్పవే" అంది బుల్లెమ్మ.

ముందు నువ్వెల్లక్కా అన్న పిల్ల కదా, ఇప్పుడూ సర్దుకుంటుంది, సరే తీసేయండి అంటుంది అనుకున్నాను. చెయ్యి అద్దం మీద పెట్టాను కూడా.

"ఆ ఉయ్యాల అక్క కొడుకుదండి" అంది రత్నమాల. "నా కూతురిది ఇంకా రాలేదు. నాది ఉంచండి."

చెయ్యి తీసేశాను.

గంగాళం తేరలేదు.